ఎనిమిది కిలోలు, ముప్పై ఆరు ఫోటోలు

వంటింటి గుమ్మానికి బిగించిన కొక్కేనికి స్ప్రింగు త్రాసు, త్రాసుకి సంచి వేలాడుతున్నాయి. ముల్లు పదిహేడు కిలోల నాలుగు వందల దగ్గర ఆగింది. ఫోటోగ్రాఫర్ నమ్మలేదు. సంచి దించి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తగిలించాడు. ఈసారి నాలుగు వందల యాభై.

“మూడోసారి తగిలించకండి, గుమ్మం ఊడొస్తుంది,” అంది ఆయన భార్య, కుర్చీలోంచి లేవకుండానే.

కొండ మీదికి తీసుకెళ్ళే గైడమ్మ ఫోన్లో చెప్పింది ఎనిమిది కిలోలు. “యాభై దాటినవాళ్ళకి ఎనిమిదే సార్. నీళ్ళు, స్వెట్టరు, కెమెరా అన్నీ కలిపి. కింద క్యాంపులో నేనే తూస్తాను. ఎనిమిదీ వంద ఉంటే ఆ వంద అక్కడ వదిలేసి రావాల్సిందే.” ఆవిడ గొంతు వింటేనే తెలుస్తుంది, ఇంతకుముందు ఎంతమంది పెద్దమనుషులు ఆ త్రాసు ముందు నీళ్ళు నమిలారో. గుడారాలు, వంటసామాను వాళ్ళ మనుషులు మోస్తారట. ఎవరి సొంత సంచి వాళ్ళ వీపునే. వెళ్ళిరావడానికి అయిదు రోజుల నడక.

ఫోటోగ్రాఫర్‌కు యాభై ఎనిమిదేళ్ళు. స్టూడియోలో స్టూలు మీద కూర్చుని ‘గడ్డం కొంచెం పైకి’ అంటూ గడిపిన మనిషి, ఆఖరుసారి ఎప్పుడు పరుగెత్తాడో ఆయనకే తెలియదు. పెళ్ళి ఫోటోలకు వెళ్ళినచోట భోజనాల వేళ కెమెరా పక్కన పెట్టడంలో ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఆ భోజనాలన్నీ చొక్కా గుండీల వెనక భద్రంగా ఉన్నాయి. సంచితోపాటు అవి కూడా కొండెక్కాలి కదా, వాటిని ఎవరి లెక్కలో వేస్తారని భార్య అడిగింది.

ఇంతకీ ఈ వయసులో కొండ ఎందుకంటే, ఒక రాయి కోసం.

ముప్పై ఒక్కేళ్ళ కిందట, పెళ్ళయిన రెండో ఏడు, భార్యనీ ఆమె చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఆయన ఆ కొండెక్కాడు. మరదలికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరూ చిన్నది అనే పిలిచేవారు. నిద్రలో తప్ప నోరు మూతపడని పిల్ల. అంత వాగుడుకాయ కూడా కెమెరా కనపడితే మాత్రం మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, ముందుపళ్ళు రెండూ ఎత్తుగా ఉంటాయని దాని బెంగ. ఆ రోజు పైన, చెట్లు ఆగిపోయి గడ్డి మొదలయ్యే చోట, ఏనుగు పడుకున్నట్టు పెద్ద రాయి ఒకటి కనిపించింది. చిన్నది పరుగున వెళ్ళి ఎక్కింది. “బావా, ఇవాళ ఎన్ని కావాలంటే అన్ని తీసుకో. మళ్ళీ జన్మలో అడక్కూడదు,” అంది. ఆయన ముప్పై ఆరు తీశాడు. రీలు మొత్తం.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, మూడు రోజుల జ్వరంతో చిన్నది పోయింది.

ఇల్లంతా వెతికితే దొరికిన ఫోటోలు రెండు. ఒకటి కాలేజీలో చేరేటప్పుడు తీయించిన పాస్‌పోర్టు సైజుది, పెదాలు బిగించి, ఎవరో తిట్టినట్టు చూస్తూ. రెండోది బళ్ళో గ్రూపు ఫోటో, ముందు వరస పిల్ల తల అడ్డం వచ్చి సగం మొహమే పడింది. ఇంట్లోనే ఫోటోగ్రాఫర్ ఉన్నాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీస్తాడులే అని ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్ళోవాళ్ళ పుట్టినరోజులన్నీ తీసినవాడు తన ఇంటి పిల్లను తీసింది ఆ ఒక్కరోజే. ఆ ముప్పై ఆరూ రాలేదు.

ల్యాబులో కడిగేటప్పుడు పాడుచేశారు. భార్యకు తెలిసింది అదే. ఫోటోగ్రాఫర్ చెప్పిందీ అదే.

అసలు జరిగింది వేరు. పాత కెమెరాలో రీలు పెట్టేటప్పుడు ఫిల్ము మొదటి కొసను అవతలి ఇరుసు గాడిలో దూర్చాలి. దూర్చి, మూత వేసి, రెండుసార్లు తిప్పి, ఎడమ పక్కనున్న చిన్న పిడి తిరుగుతోందో లేదో చూసుకోవాలి. పిడి తిరిగితే ఫిల్ము నడుస్తున్నట్టు. పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి అది. ఆ రోజు కొండమీద ఆయన రీలు పెడుతూ అక్కాచెల్లెళ్ళ కబుర్లకు పగలబడి నవ్వుతున్నాడు. పిడి చూడలేదు. కొస గాడిలోంచి జారిపోయింది. పైన అంకెలు మాత్రం ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా బుద్ధిగా మారాయి. లోపల ఫిల్ము అంగుళం కూడా కదల్లేదు.

ఆ రీలు కడిగినవాడు ఆయన ప్రాణస్నేహితుడు. గడకర్రలా సన్నగా, పొడుగ్గా ఉంటాడని అందరూ వెదురు అనేవారు. “ఒరేయ్, ఒక్కటీ లేదురా,” అని వెదురు చీకటిగదిలోంచి బయటికొచ్చి చెప్పాడు. ఫోటోగ్రాఫర్ మొహాన నెత్తుటిచుక్క లేదు. కొత్తగా పెళ్ళయినవాడు, అందులోనూ అత్తవారి ముందు పెద్ద ఫోటోగ్రాఫర్‌నని గొప్పలు పోయినవాడు. వెదురుకు జాలేసింది. “ఏడవకు. నా పేరు చెప్పెయ్. మందునీళ్ళు వేడెక్కి పాడైందని చెప్పు. మా చెల్లెమ్మ నన్నేం చేస్తుంది, రెండు రోజులు టీ ఇవ్వదు, అంతే కదా!”

ఆ రెండు రోజులు ముప్పై ఒక్కేళ్ళయ్యాయి. చిన్నది బతికి ఉంటే ఆ అబద్ధం ఎప్పుడో ఒక భోజనాల వేళ నవ్వులాటై పోయేది. చిన్నది పోయాక అబద్ధం రాయై కూర్చుంది. వెదురు ఎదురైతే భార్య రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. వెదురు కూతురి పెళ్ళికి వెళ్ళలేదు, భర్తనీ వెళ్ళనివ్వలేదు. ఫిల్ముల కాలం పోయి ల్యాబు మూతపడితే వెదురు అదే గదిలో జిరాక్సు మెషీను పెట్టుకున్నాడు, స్టూడియోకు నాలుగు కొట్ల అవతల. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు టీ కొట్టు దగ్గర దూరంనుంచి తలలు ఊపుకునే దాకా వచ్చారు. నిజం చెప్పడానికి ఫోటోగ్రాఫర్‌కు ప్రతిరోజూ వీలుండేది. ప్రతిరోజూ రేపు చూద్దాంలే అనుకున్నాడు. దాన్ని పిరికితనం అంటారు, ఇంకో మర్యాదైన పేరేమీ లేదు.

ఈ ఏడు భార్యకు రెండు మోకాళ్ళూ మార్చారు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడ కిటికీ వైపు చూస్తూ పడుకునేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, “నేనిక ఆ కొండెక్కలేను కదండీ,” అంది. ఆయనేదో సర్దిచెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “ఎప్పటికైనా వెళ్తాననుకున్నా. రోజూ అనుకున్నా. దాని మొహం నాకు చెదిరిపోతోందండీ. ఆ పాస్‌పోర్టు ఫోటో చూసీ చూసీ, అది అలాగే ఉండేదేమో అనిపిస్తోంది. మీరెళ్ళి ఆ రాయి ఉందేమో చూసి ఫోటో తీసుకురండి. అది కూర్చున్న చోటు. ఖాళీ రాయైనా చాలు.”

ఆయన సరేనన్నాడు.

వాళ్ళుండేది మూడో అంతస్తు. నడక సాధన మెట్ల మీదే మొదలైంది. మొదటి రోజు ఖాళీ భుజాలతో రెండుసార్లు ఎక్కిదిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని నిలబడితే రెండో అంతస్తు టీచరమ్మ తలుపు తీసి, “ఏమైనా పారేసుకున్నారా?” అని అడిగింది. “అవునండీ, ఊపిరి,” అన్నాడు ఆయన. భార్య మూడో అంతస్తు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతిలో గడియారం పట్టుకుని కూర్చునేది. ఆవిడ వ్యాయామం ఆవిడకుంది, మోకాలు వంచడం, చాపడం. ఆయన కిందికి వెళ్ళి పైకొచ్చేలోపు ఆవిడ ఇరవైసార్లు చేయాలి. ఎవరు ముందు పూర్తిచేస్తే వాళ్ళు రెండోవాళ్ళను దెప్పొచ్చు. మొదటి రెండు వారాలూ దెప్పింది ఆవిడే.

తర్వాత సంచిలో నీళ్ళసీసాలు చేరాయి. రెండు, నాలుగు, ఆరు. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళను పీల్చేస్తుందని, దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ పాదం నిలబెట్టి దిగాలని ఆవిడే కనిపెట్టింది, మోకాళ్ళ బాధ ఆవిడకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? రాత్రి భోజనం సగమైంది. పంచదార డబ్బా పై అరకు పోయింది. రెండు నెలలకు ఆయన బెల్టు రెండు బెజ్జాలు లోపలికి జరిగింది. స్టూడియోలో కింద పడ్డ లెన్సు మూతను కూర్చోకుండానే వంగి తీసుకున్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఇక సంచి సంగతి. భార్య ముప్పై నాలుగేళ్ళు చర్మవ్యాధుల ఆస్పత్రిలో పూతమందులు కలిపిన మనిషి. గ్రాము అంటే ఆవిడకు ప్రాణం. వంటింటి బల్లమీద చిన్న తూకపు మెషీను పెట్టి, పక్కన నోటుపుస్తకం తెరిచి, సంచిలో వస్తువులన్నీ ఒక్కొక్కటే బోనెక్కించింది. టూత్‌బ్రష్షు పిడి సగానికి కోసేసింది. సబ్బు అగ్గిపెట్టంత అయింది. తువ్వాలు చేతిరుమాలైంది. మూడు జతల మేజోళ్ళు రెండయ్యాయి. కెమెరా సంచి దానంతటదే కిలో ఉంటుందని తేలాక దాన్ని అవతల గిరాటేసి, కెమెరాను స్వెట్టర్లో చుట్టింది. “స్వెట్టరు ఎలాగూ మోయాలి. రెండు పనులూ అదే చేస్తుంది.” మూడుకాళ్ళ స్టాండును మెషీను మీద పెట్టనేలేదు. “రాతి మీద మేజోళ్ళు మడిచి పెట్టి, దాని మీద కెమెరా పెట్టుకోండి. ఆ మాత్రం చాలదా?” చాలు. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు చాలదంటుంది.

ఫోటోగ్రాఫర్లందరికీ ఒక జబ్బుంటుంది. ఇంట్లో వదిలేసిన లెన్సుతోనే తీయాల్సింది ఎదురొస్తుందని భయం. అందుకని గాడిదల్లా అన్నీ మోస్తారు. దూరంలో ఉన్నవాటిని దగ్గరికి లాగే పొడుగు లెన్సు కిలోన్నర తూగింది. “అక్కడ పులుల్ని తీస్తారా?” అది పోయింది. రెండో కెమెరా పోయింది. కొండనంతా ఒకేసారి పట్టే వెడల్పు లెన్సు మిగిలింది. ఆఖరున మొహాలు తీసే లెన్సు మెషీనెక్కింది. ఆరు వందల ఇరవై గ్రాములు.

“రాయికి మొహం ఉంటుందా?” అంది ఆవిడ.

“అది ఉండనీ.”

“ఎందుకండీ? అక్కడ మనుషులే ఉండరు కదా.”

ఆయన ఏమని చెప్తాడు? కొండ తలుచుకున్నప్పుడల్లా ఆ రాయి మీద చిన్నది కూర్చునే కనపడుతుందనీ, ఆ లెన్సు లేకుండా వెళ్తే దానికి మొహం చూపించుకోలేననిపిస్తుందనీ చెప్తే నవ్వుతుందా, ఏడుస్తుందా? ఆవిడ లెన్సును చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసింది. “ఆ రోజు దీంతోనే తీశారా?”

“ఇలాంటిదే.”

ఆవిడ దాన్ని స్వెట్టరు పక్కన పెట్టి, పుస్తకంలో ఆరు వందల ఇరవై అని రాసుకుంది. “ఉండనివ్వండి. ఇంకెక్కడైనా తగ్గిద్దాం. ఈసారి కడగమని ఆ ల్యాబు మనిషిలాంటివాడి చేతికి ఇవ్వక్కర్లేదు, అదొక్కటి నయం.”

ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు.

ఎంత చెక్కినా సంచి తొమ్మిది కిలోల వంద దగ్గర మొండికేసింది. గైడమ్మకు ఫోన్ చేస్తే, “తోడు ఎవరైనా వస్తే పంచుకోండి సార్. మందులు, బ్యాటరీలు, తిండి పొట్లాలు ఆయన సంచిలో వేయండి. మీ వయసుకి ఒక్కరే రావడం నాక్కూడా ఇష్టం లేదు,” అంది. తోడు ఎవరు? చుట్టాల్లో నడిచేవాళ్ళు పార్కు బెంచీ దాకానే నడుస్తారు. రోజూ తెల్లవారగానే ఊరి చివరిదాకా గాలిలా నడిచొచ్చే మనిషి ఆయనకు తెలిసి ఒక్కడే.

జిరాక్సు గదిలో వెదురు ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తున్నాడు. ఫోటోగ్రాఫర్ గుమ్మంలో నిలబడి కొండ, రాయి, ఎనిమిది కిలోలు అన్నీ ఒక్క గుక్కలో చెప్పాడు. వెదురు మెషీను మూత వేసి తలెత్తాడు.

“చెప్పావా మా చెల్లెమ్మకి?”

“లేదు.”

“చెప్తే వస్తా.”

“ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? ఆపరేషనైన మనిషిరా.”

“మోకాళ్ళకే కదా అయింది. అప్పుడు రెండు రోజుల మాటేగా అని నేనే అన్నాను, నా నోటిదూలే. కానీ ఒరేయ్, ఆవిడ నన్ను చూసి రోడ్డు దాటినప్పుడల్లా నాకెలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించావా? మీ ఇంట్లో టీ తాగాలని నాకుండదా?” వెదురు కాగితాలు సర్దుకున్నాడు. “చెప్పు. లేదంటే నీ సంచి, నీ కొండ.”

ఆ సాయంత్రం ఫోటోగ్రాఫర్ ఆరు సీసాల సంచితో అయిదుసార్లు ఎక్కిదిగాడు. ఆరోసారి భార్య కుర్చీకి రెండు మెట్ల కింద ఆగిపోయాడు. ఊపిరి ఎగపోస్తుంటే చెప్పేశాడు, ఊపిరి అందితే మళ్ళీ ధైర్యం చాలదని తెలుసు.

“ల్యాబు తప్పు కాదు. రీలు తిరగలేదు. పెట్టేటప్పుడు నేను చూసుకోలేదు. లోపల ఏమీ పడలేదు.”

అలవాటు కొద్దీ ఆవిడ గడియారం ఆపింది. అంకె చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

“అన్నయ్యకు తెలుసా?”

ముప్పై ఒక్కేళ్ళ తర్వాత ఆవిడ నోట అన్నయ్య అన్న మాట. “తెలుసు. మొదటినుంచీ.”

“నా ఎదుట ఎన్నిసార్లు తల దించుకుని వెళ్ళాడో! తప్పు చేశాడు కాబట్టి దించుకున్నాడనుకున్నా. కూతురి పెళ్ళి కార్డు పట్టుకుని ఈ గుమ్మంలోకి వస్తే తలుపు తీయలేదు నేను. మీరు లోపలే ఉన్నారు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు.” ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. “రీలు ఎవరికైనా జారుతుందండీ. అది కాదు.”

కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆరు రోజులు ఇంట్లో మాటల్లేవు. కంచం పెట్టేది, మందులు వేసుకునేది, కిటికీ వైపు తిరిగి పడుకునేది. ఆయన మెట్లెక్కడం మానలేదు, కానీ గుమ్మంలో కుర్చీ ఖాళీగా ఉండేది. ఏడో రోజు ఉదయం స్టూడియో అద్దంలోంచి చూస్తే ఆవిడ రోడ్డు మీద కనపడింది. ఆపరేషన్ అయ్యాక తనంత తాను మూడంతస్తులూ దిగడం అదే మొదలు. కర్ర ఊతంతో నాలుగు కొట్లూ దాటి జిరాక్సు గది ముందు ఆగింది. ఆయన వెనకాలే పరుగెత్తాడు గానీ దగ్గరికి వెళ్ళే మొహం లేక పక్క కొట్టు దగ్గర నిలబడ్డాడు.

“అన్నయ్యా,” అంది ఆవిడ.

వెదురు చేతిలోని కాగితాలు జారిపోయాయి. ఏరుకోలేదు. స్టూలు లాగి వేశాడు. ఆవిడ కూర్చుంది.

“ఆ ఫిల్ము ఎలా ఉంది?”

“తేనె రంగులో ఉందమ్మా, శుభ్రంగా. అంచున అంకెలున్నాయి. ఒక్కటైనా దొరుకుతుందేమోనని దీపం మీద పెట్టి చివరిదాకా చూశా. రెండుసార్లు చూశా చెల్లెమ్మా.”

ఆవిడ తలూపింది. లేచేటప్పుడు, “సాయంత్రం టీకి రండి,” అంది. వెదురు తల ఊపి, కింద పడ్డ కాగితాలు అప్పుడు ఏరుకున్నాడు.

సాయంత్రం టీలయ్యాక, వెదురు వెళ్ళిపోయాక, ఆవిడ తూకాల పుస్తకం తీసింది. కొత్త పేజీలో ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా అంకెలు వేసింది, అంకెకు ఒక వరస.

“ఫిల్ము మీద పడలేదు, సరే. తీసేటప్పుడు మీరు చూశారు కదా. ముప్పై ఆరుసార్లు కన్ను పెట్టి చూశారు. అవి చెప్పండి.”

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ ఫోటోలు చూసిన మనిషి లోకంలో తనొక్కడే అన్న సంగతి ఆయనకు ఇన్నేళ్ళలో తట్టలేదు. “మొదటిది... రాయెక్కి చేతులు చాపింది.”

“రెండు?”

“నవ్వింది.”

“మూడు?”

“అప్పుడూ నవ్వుతూనే...”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “నవ్విందని నేనూ చెప్పగలను. ముప్పై ఏళ్ళు ఒక కథ చెప్పి నమ్మించారు. ఇప్పుడు ముప్పై ఆరు కథలు అల్లి చెప్తే నాకేం తెలుస్తుంది? నాకు ఓదార్పు వద్దండీ. నా చెల్లెలు కావాలి.” పెన్ను మూత పెట్టి, “అక్కడికెళ్ళి నిలబడండి. గుర్తొస్తే ఫోన్ చేయండి. వచ్చినవే చెప్పండి,” అంది.

ఆయన సంచి దగ్గరికి వెళ్ళి మొహాలు తీసే లెన్సును తనే బయటికి తీసి అల్మారాలో పెట్టేశాడు. బ్యాటరీలు, మందులు, తిండి పొట్లాలు వెదురు సంచిలోకి వెళ్ళాయి. కింద క్యాంపులో గైడమ్మ త్రాసు ఏడు కిలోల ఏడు వందలు చూపించింది. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, “ఇంట్లో ఎవరో గట్టివాళ్ళున్నారు సార్,” అంది.

మొదటి రోజు కాళ్ళు పీకాయి. రెండో రోజు భుజాలు కోసుకుపోయాయి, కానీ మెట్ల మీద కార్చిన చెమట వృథా పోలేదు, ఎక్కడా ఆగాల్సి రాలేదు. వెదురు ముందు నడుస్తూ, మలుపు మలుపులో ఆగి, “రావయ్యా పెళ్ళికొడకా,” అని పిలిచేవాడు. మూడో రోజు పొద్దున చెట్లు పల్చబడి గడ్డి వచ్చింది. రాయి అక్కడే ఉంది.

ముందు దాన్ని ఫోటో తీశాడు. నాలుగు పక్కలా తీశాడు. తెర మీద చూసుకుంటే బాగానే వచ్చాయి, మంచి వెలుతురు, మంచి గడ్డి, ఖాళీ రాయి. ఏమీ గుర్తు రాలేదు. అటు నిలబడ్డాడు, ఇటు నిలబడ్డాడు. ఎండ వీపున చురుక్కుమంటోంది. ఇంత దూరం వచ్చి, ఇన్ని నెలలు మెట్లెక్కి, చివరికి చేతులూపుకుంటూ దిగాలేమోనని భయం పట్టుకుంది. వెదురు చాలాసేపు చూసి, “నేనెక్కనా?” అన్నాడు.

“ఎక్కు.”

అరవై ఏళ్ళ వెదురు పంటి బిగువున రాయెక్కి, కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. ఫోటోగ్రాఫర్ కెమెరాకు కన్ను పెట్టాడు. మనిషి ఉంటే ఎక్కడ నిలబడాలో కాళ్ళకే తెలిసింది. రెండడుగులు వెనక్కి, ఒకటి ఎడమకి, మోకాలు కొంచెం వంచి. వెదురు బూటులో ఏదో గుచ్చుకుని కాలు ఎత్తి విదిలించాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి వచ్చాక దాని వెనక ఇంకోటి. ఆయన కెమెరా దించి గడ్డిలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నది లేదన్న దిగులు తనకూ ఇంత ఉందని అప్పటిదాకా ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళూ భార్య దిగులు చూసి భయపడటంతోనే సరిపోయింది. తనను బావా అని పిలిచిన మనిషి లోకంలో అదొక్కతే. వెదురు రాయి దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఫోన్ పలికే చోటు ఇంకో అరగంట పైనుందని గైడమ్మ చూపించింది. గట్టు మీద గాలి హోరుమంటోంది. ఫోటోగ్రాఫర్ చెవికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మొదటి రింగుకే భార్య ఎత్తింది, ఫోన్ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నట్టుంది.

“ఉందా?”

“ఉంది. రాసుకో.”

కాగితం చప్పుడైంది.

“ఒకటి నీకు చెప్పానుగా. రెండోదాంట్లో నువ్వూ ఉన్నావు, కింద నిలబడి దిగవే అని కసురుతున్నావు. మూడోది నువ్వు కదిలిపోయావు, సగమే ఉన్నావు. నాలుగోదాంట్లో అదొక్కతే. నన్ను చూడట్లేదు. కూర్చుని, చెప్పు విప్పి, గులకరాయి దులుపుకుంటోంది. జడ ముందుకి పడింది.”

అవతల పెన్ను ఆగింది. “ఏ కాలి చెప్పు?”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తొందరపడలేదు. “ఎడమ. పట్టీకి ఎర్రగా ఏదో చుట్టి ఉంది.”

లైను పోయిందేమోనని ఆయన ఫోన్ చూసుకున్నాడు. పోలేదు.

“నా రిబ్బను,” అంది ఆవిడ, ఎట్టకేలకు. “దారిలో పట్టీ తెగితే నేనే కట్టా. ఎవరికీ చెప్పలేదు. నేనే మర్చిపోయానండీ.” ముక్కు చీదుకుంది. “చెప్పండి. అయిదు?”

అయిదు చెప్పాడు. ఆరు గాలికి జుట్టంతా మొహాన పడి ఏమీ కనిపించనిది. ఏడు చెప్పాడు, ఎనిమిది చెప్పాడు. తొమ్మిదోదాంట్లో చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నోరంతా తెరిచి నవ్విందనీ, ముందుపళ్ళు రెండూ కింది పెదవి మీదికి వచ్చాయనీ, వాటి మధ్య సన్నటి సందు ఉందనీ చెప్పాడు. ఆవిడ ఏడుస్తూనే రాసుకుంది. పది, పదకొండు.

“పన్నెండు?”

ఆయన వెతికాడు. రాయి కనపడింది, గడ్డి కనపడింది, చిన్నది కనపడలేదు. నవ్విందని చెప్పొచ్చు. చేతులు ఊపిందని చెప్పొచ్చు. ఏం చెప్పినా ఆవిడ ఇప్పుడు నమ్మేస్తుంది.

“గుర్తు లేదు,” అన్నాడు.

అవతల పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

“పన్నెండు ఖాళీగా ఉంచా,” అంది ఆవిడ. “పదమూడు?”